జాబితాలో లేని లెఫ్ట్ ఫీల్డర్

సాఫ్ట్‌బాల్ జట్టు కెప్టెన్ స్వరూప ఫోన్ చేసేసరికి ప్రసూన ఉప్మాకు ఎసరు పోస్తోంది.

"ప్రసూనా, నీ గ్లౌజు పుట్టింట్ల ఇడిసిపెట్టినవా, ఎంబడి తెచ్చుకున్నవా?"

"తెచ్చుకున్న అక్కా. పెట్టెల పట్టుచీరెల కింద ఉన్నది."

"అయితే జల్ది బయటికి తియ్యి. మన కవితకు గవదబిళ్లలు లేసినయ్. చెంపలు ఇంతింత అయినయ్ పాపం. ఇయ్యాల పది గంటలకు ఫైనల్. లెఫ్ట్ ఫీల్డ్‌ల నువ్వే నిలబడాలె."

ప్రసూన చెంబు సంగతి మరచిపోయింది. చేతిలోని చెంబులో నీళ్లు మాత్రం గిన్నెలోకి పోతూనే ఉన్నాయి. ఫోన్ పెట్టేసి చూసుకునేసరికి ఉప్మా గిన్నెలో రవ్వ ఈత కొడుతోంది. ఆ పూట దాన్ని భర్త నరహరి గ్లాసులో పోసుకుని తాగాడు. తాగి, బాగుందన్నాడు. పెళ్లయి ఇరవై ఆరు రోజులే అయింది కాబట్టి ఆ మాటను ప్రసూన పూర్తిగా నమ్మింది.

ఆమె సంతోషానికి కారణముంది. కొత్తమల్లారం డిగ్రీ కాలేజీలో మూడేళ్లు సాఫ్ట్‌బాల్ ఆడింది. పెళ్లి మాటలు మొదలైన దగ్గర్నుంచి, అంటే ఎనిమిది నెలలుగా, బ్యాటు ముట్టలేదు. పైగా సోమవారం నుంచి నరహరికి పులిగుట్ట ఎత్తిపోతల పంపుహౌసులో డ్యూటీ. కొత్త కాపురం అక్కడి క్వార్టర్సులోనే. అక్కడ పెద్ద పెద్ద పంపులు ఉన్నాయి, నాలుగు కుటుంబాలు ఉన్నాయి, తొమ్మిదిమంది ఆడపిల్లలున్న జట్టు మాత్రం లేదు. కాపురానికి వెళ్లడం ఆమెకు పండగలాగే ఉంది. క్వార్టర్సు వంటింటికి రెండు కిటికీలున్నాయని విన్నప్పుడు గంటసేపు ఆ కిటికీల గురించే మాట్లాడింది. కానీ వెళ్లేలోపు ఒక్క ఆట, సక్కగా ఒక్క ఆట ఆడాలని మనసులో ఉండిపోయింది. ఈరోజు శుక్రవారం. ఇక ఆట దొరకదనుకున్న వేళ దొరికింది.

"ఏం జేస్తరు బిడ్డా గా ఆటల?" అని అడిగింది అత్తగారు భారతమ్మ.

"బంతిని కట్టెతోటి కొట్టి ఉరకాలె అత్తమ్మా. మూడు మూలలకు మూడు బేసులుంటయ్. అన్నీ తొక్కి మళ్ల బయలెల్లిన కాడికే రావాలె. వస్తే ఒక పరుగు. నడుమల బంతితోటి మనల్ని అంటితే ఔట్."

"బయలెల్లిన కాడికే వచ్చేటందుకు అంత ఉరుకుడెందుకు?"

ప్రసూన ఆలోచించింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. "మంచిగుంటదత్తమ్మా," అంది.

"సరే మంచిగుంటే నేనూ వస్త," అని భారతమ్మ గొడుగు తీసింది. నరహరి సెలవు చీటీ రాసి పంపించి, సీసాలో మజ్జిగ నింపాడు. ముగ్గురూ బయలుదేరారు.

*

మునిసిపల్ మైదానంలో షామియానా కింద ఒక బల్ల, బల్ల వెనుక వైకుంఠం గారు ఉన్నారు. ఆయన జిల్లా సాఫ్ట్‌బాల్ సంఘానికి గౌరవ కార్యదర్శి. ఆ రోజు స్కోరు రాసేదీ ఆయనే. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు భూమి కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి కూడా పొలం గట్టు మీద కాలు పెట్టలేదని, పెట్టాల్సిన అవసరం రాలేదని ఆయనే గర్వంగా చెప్పుకుంటారు. పొలం ఉందో లేదో రికార్డు చూస్తే తెలుస్తుంది. రికార్డులో లేకపోతే అది పొలం కాదు, రైతు అపోహ.

సాఫ్ట్‌బాల్ సంఘంలోకి ఆయన అదే చూపుతో వచ్చారు. జట్ల జాబితాలు మూడేసి ప్రతుల్లో, మూడు రోజుల ముందు, గుండ్రటి ముద్రతో తన చేతికి రావాలని నియమం పెట్టారు. అంతకుముందు ఆ జిల్లాలో జట్టు జాబితా అంటే కెప్టెన్ అరచేతి మీద పెన్నుతో రాసుకున్న తొమ్మిది పేర్లు.

"కొత్త పిల్ల వచ్చింది సార్," అన్నాడు అంపైర్ ఖాజా సార్, జేబులోంచి పెన్ను తీస్తూ. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ప్రసూనకు బ్యాటు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. "కవిత జాగల ప్రసూన. పేరు రాసుకోన్రి, మొదలువెడదాం."

వైకుంఠం గారు కళ్లజోడు సవరించుకున్నారు. "జాబితా మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు ముగిసినది. ముగిసిన జాబితాను తెరచుటకు నాకు అధికారము లేదు."

"సార్, రూల్ బుక్కుల సాఫ్ సాఫ్ రాసున్నది." ఖాజా సార్ చంకలోంచి నలిగిపోయిన పుస్తకం తీశాడు. "జాబితాల లేని సబ్‌స్టిట్యూట్ వస్తే అంపైర్‌కు చెప్పాలె, కార్డు మీద పేరు ఎక్కించాలె, ఆడియ్యాలె. శిక్ష గూడ ఏం లేదు. అర నిమిషం పని."

"ఎక్కించవలెనని ఉన్నది సరే. ఏ రంగు సిరాతో?"

ఖాజా సార్ పేజీ అటూ ఇటూ తిప్పాడు. "రంగు రాయలే."

"ఎక్కించిన పేరును ఎవరు ధ్రువీకరించవలెను?"

"అదీ రాయలే."

"చూచితిరా. నిబంధన అసంపూర్ణము. అసంపూర్ణమైన నిబంధనను అమలుపరచిన యెడల రేపు ఆడిట్ అభ్యంతరము వచ్చును."

ప్రసూన గ్లౌజును గుండెకు అదుముకుంది. "అయితే నన్ను ఆడొద్దంటున్నరా సార్?"

"అట్లు నేననలేదమ్మా!" వైకుంఠం గారు నొచ్చుకున్నారు. "ఒక క్రీడాకారిణిని నిషేధించవలెనన్న ఆమె పేరు జాబితాలో ఉండవలెను. నీ పేరు లేదు. లేని పేరును నేనెట్లు నిషేధింతును? నిన్ను అనుమతించుటకు గాని, ఆపుటకు గాని ఈ సంఘమునకు అధికారము లేదు."

"మరి ఏం జేయాలె?" అని అడిగింది కెప్టెన్ స్వరూప. ఆమె పోలీసు కానిస్టేబులు. ఎవరినైనా ఆపడమో వదిలేయడమో తప్ప మూడో దారి ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ ఎదురవలేదు.

వైకుంఠం గారు కొద్దిసేపు కళ్లు మూసుకుని, తెరిచి, కాగితం మీద రాసి, ముద్ర వేసి, పైకి చదివారు: "జాబితాలో నమోదు కాని వ్యక్తి మైదానంలో ఉన్నను లేనట్లుగా పరిగణించవలెను."

"అంటే ఆడొచ్చా, ఆడొద్దా?"

"లేని మనిషి ఏమి చేసినను మాకు అభ్యంతరము లేదు."

"ఆడమనే అన్నడు," అని స్వరూప గుసగుసగా తేల్చేసింది. ప్రసూన పరుగెత్తుకుంటూ మైదానం ఎడమ చివరన లెఫ్ట్ ఫీల్డుకు పోయింది. గడ్డి మీద బూటు ఆనగానే ఆమెకు నవ్వొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత కూడా నేల ఉన్నచోటే ఉంది.

*

మొదట బ్యాటింగు దుబ్బగూడెం జట్టుది. మొదటి బ్యాటర్ పొడుగాటి అమ్మాయి. రెండో బంతినే ఎత్తి కొట్టింది. బంతి ఎండలోకి పోయి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, నేరుగా లెఫ్ట్ ఫీల్డు వైపు దిగింది. ప్రసూన నాలుగడుగులు వెనక్కి వేసి గ్లౌజు పైకెత్తింది. టప్పుమంది. ప్రపంచంలో ఆ చప్పుడును మించిన చప్పుడు ఇంకోటి ఉందని ఎవరైనా ఆ క్షణాన చెబితే ఆమె ఒప్పుకునేది కాదు.

"ఔట్!" అన్నాడు ఖాజా సార్.

"ఆగుడు!" అన్నారు వైకుంఠం గారు. "బంతిని పట్టినదెవరు?"

"ప్రసూన."

"జాబితాలో చూపుడు."

ఎవరూ చూపలేకపోయారు.

"కనుక బంతిని ఎవరును పట్టలేదు. ఎవరును పట్టలేదనగా ఔటు కాదు. మంచిది. బంతి నేలను తాకినదా?"

"తాకలే సార్. పోరి చేతుల ఉన్నది గద!"

"నేలను తాకలేదు, ఎవరును పట్టలేదు. కావున బంతి ఇంకను గాలిలోనే ఉన్నట్లు." ఆయన అలాగే రాసుకున్నారు. "అది దిగువరకు బ్యాటర్ విషయము పెండింగు."

దుబ్బగూడెం పొడుగు అమ్మాయికి ఫస్ట్ బేసు పక్కన కుర్చీ వేశారు. ఔటు కాదు కాబట్టి పోవడానికి లేదు. బంతి ఇంకా గాల్లో ఉంది కాబట్టి ముందుకు ఉరకడానికీ లేదు. ఆమె కూర్చుని ఆకాశం వైపు చూస్తూ ఉంది. ఖాజా సార్ సంచిలోంచి ఇంకో బంతి తీశాడు. ఆ తర్వాత స్వరూప ఇద్దరిని, బంతి విసిరే పిచ్చర్ ఒకరిని ఔట్ చేయడంతో ఆ ఇన్నింగ్స్ ఎలాగో ముగిసింది. ఆ ముగ్గురిలో ఎవరూ బంతిని లెఫ్ట్ ఫీల్డుకు కొట్టకపోవడం వల్ల పెండింగు పెరగలేదు.

తరువాత కొత్తమల్లారం బ్యాటింగు. మూడో బ్యాటరుగా ప్రసూన వచ్చింది. మొదటి బంతిని వదిలేసింది.

"స్ట్రైక్!"

"ఎవరికి?" అన్నారు వైకుంఠం గారు కాగితం మీంచి తల ఎత్తకుండా.

రెండో బంతి, మూడో బంతి, నాలుగో బంతి. మూడు స్ట్రైకులైతే ఔట్, కానీ లేని మనిషికి స్ట్రైకులు లెక్కించే వీల్లేదు. ఐదో బంతి ఆమెకు నచ్చిన ఎత్తులో వచ్చింది. బ్యాటు తగిలిన తీరు మోచేతుల దాకా తెలిసింది. బంతి సెకండ్ బేసు మీదుగా పోయి మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకరు చక్రాల కిందికి దూరింది.

"ఉరుకు బిడ్డా! అటు గాదు, ఇటు! ఇటు!" అని భారతమ్మ గొడుగు ఊపుతూ అరిచింది. నరహరి మజ్జిగ సీసా పట్టుకుని తనకు తెలియకుండానే గీత పక్కన పరుగెత్తాడు.

సెకండ్ బేసు దగ్గర ఒక అమ్మాయి ప్రసూనను బంతితో అంటింది. ఔటివ్వలేదు. థర్డ్ బేసు దగ్గర ఇంకొకామె రెండుసార్లు అంటింది. బయలుదేరిన చోటే ఉన్న హోమ్ ప్లేట్ దగ్గర క్యాచరు భుజం మీద, వీపు మీద, నెత్తి మీద అంటించి, చివరికి విసుగొచ్చి ఆమె చేతిలో బంతి పెట్టి "నువ్వే వుంచుకో," అంది. ప్రసూన ప్లేటు తొక్కింది.

"లేని వ్యక్తిని అంటినను అంటనట్లే," అని వైకుంఠం గారు ప్రకటించారు. "కాని పరుగు మాత్రము చెల్లును."

"అదెట్లా!" అంటూ ముందుకొచ్చింది దుబ్బగూడెం కోచ్ బాలమణి. గవర్నమెంటు బడిలో ఇరవై ఏళ్ల నుంచి పీఈటీ. ఆమె కేకకు ట్యాంకరు మీద కాకులు లేచిపోయాయి. "మనిషే లేకుంటే పరుగెక్కడిది సార్?"

"మా శాఖలో అనుభవమున్నదమ్మా. రికార్డులో లేని పొలమున కూడా వడ్లు పండును. పొలము లేకున్నను వడ్లు వడ్లే. ప్రభుత్వము వానిని లెక్కలోనికి తీసుకొనును."

బోర్డు మీద కొత్తమల్లారానికి ఒకటి వేశారు. ఆ పరుగు ఎదురుగా పేరు రాసే గడి ఖాళీగా వదిలారు.

భారతమ్మ కళ్లు చికిలించి ఆ గడి చూసింది. "మా కోడలి పేరేది?"

"పేరు రాయరట అత్తమ్మా," అంది ప్రసూన రొప్పుతూ. ఆమె నవ్వుతూనే ఉంది గానీ ఆ నవ్వులో ఒక మూల ఏదో గుచ్చుకుంది. ఉరికినప్పుడు భయం వేయలేదు. భయం లేని పరుగు ఇంటి నుంచి నల్లా దాకా నడిచినట్టు ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

*

ఆ తర్వాత కొత్తమల్లారం వాళ్లు ముగ్గురు ఔటై ఇన్నింగ్స్ ముగిసింది. బాలమణి ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఆటలు నేర్పిన మనిషి. గెలవడానికి దారి కనిపిస్తే ఆమెకు నిద్రలోనైనా మెలకువ వస్తుంది.

"సార్, ఒక్క మాట. పేరు లేనోళ్లు ఔట్ గారు. కొట్టిన పరుగులు మాత్రం లెక్కకొస్తయ్. గంతే గద?"

"సూత్రప్రాయముగా అంతే."

"అయితే మా తొమ్మిదిమంది పేర్లు కొట్టేయున్రి."

ప్రసూనకు ఒక్క క్షణం ఆశ కలిగింది. చేర్పించడానికి గడువు దాటిందన్నాయన కొట్టివేయడానికీ ఒప్పుకోడనుకుంది. కానీ వైకుంఠం గారి ముఖం వికసించింది. సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీశారు.

"గడువు చేర్పులకు మాత్రమే. తొలగింపులకు గడువు లేదు. మా శాఖలో కూడ ఎన్నడును లేదు. ఇదిగో దరఖాస్తు."

బాలమణి షామియానా గుంజకు ఆనించి తొమ్మిది దరఖాస్తులు నింపింది. అది చూసి స్వరూప కూడా ఊరుకోలేదు. "మాకూ ఎనిమిది ఇయ్యున్రి సార్," అంది. ఎనిమిదే ఎందుకంటే తొమ్మిదో ఆమె ముందే లేదు. గవదబిళ్లలతో ఇంట్లో పడుకున్న కవిత పేరు మాత్రం జాబితాలో నిక్షేపంగా ఉంది.

రెండో ఇన్నింగ్స్ దుబ్బగూడెంతో మొదలైంది. బాలమణి పిల్లలు మొదట్లో కేరింతలు కొట్టారు. కొట్టినా ఔటు లేదు, కొట్టకపోయినా ఔటు లేదు. కొత్తమల్లారం పిల్లలు పట్టిన క్యాచులన్నీ పట్టనట్టే. పదకొండున్నరకు స్కోరు పద్నాలుగు. పన్నెండున్నరకు ఇరవై తొమ్మిది. గాల్లో ఉన్న బంతుల సంఖ్య పద్దెనిమిది. మూడు ఔట్లయితే తప్ప ఇన్నింగ్స్ మారదు, ఔటయ్యే మనిషి మైదానంలో లేదు.

ఒంటిగంటకు దుబ్బగూడెం అమ్మాయిలు పరుగెత్తడం మానేసి నడవసాగారు. ఒకామె సెకండ్ బేసును దిండుగా పెట్టుకుని పడుకుంది.

"మేడం, కాళ్లు గుంజుతున్నయ్. ఎట్లనన్న జేసి మమ్ముల్ని ఔట్ జేయమనున్రి," అని పొడుగు అమ్మాయి కుర్చీలోంచి ఏడుపు ముఖంతో వేడుకుంది. బేసుల మీద ఉరికిన వాళ్లకంటే కూర్చున్న ఆమెకే ఎక్కువ ఎండ తగిలింది.

"నోర్మూయ్! గెలుస్తున్నం గద!" అంది బాలమణి. కానీ ఆమె గొంతూ ముందున్నంత గట్టిగా లేదు.

"మేడం, మాకెప్పుడొస్తది బ్యాటింగు?" అని స్వరూప అడిగింది.

"నన్నడుగుతవేందమ్మా? గా సార్‌ని అడుగు."

సార్ అప్పుడు మునిసిపాలిటీకి పంపాల్సిన గంటవారీ నివేదిక రాస్తున్నారు. మైదానం ఎవరి వాడకంలో ఉందో ప్రతి గంటకూ తెలపాలన్న నియమం కూడా ఆయనదే. నివేదికలో ఇలా రాశారు: "మైదానమున క్రీడాకారిణులు: శూన్యము. మైదానము ఖాళీగా ఉన్నది." ఎదురుగా పద్దెనిమిది మంది ఆడపిల్లలు, ఒక అంపైరు, మూడొందల మంది జనం ఉన్నారు. ఆయన తల ఎత్తి వాళ్లందరినీ చూశారు, దయగా నవ్వారు, సంతకం చేశారు.

*

మునిసిపాలిటీ వాళ్లు మామూలుగా ఉత్తరానికి ఆరు నెలలకు జవాబిస్తారు. ఆ రోజు అరగంటలో ఇచ్చారు. ఖాళీగా ఉన్న మైదానాన్ని డ్రైవింగు లైసెన్సు పరీక్షలకు కేటాయించారు. రెండున్నరకు రవాణా ఆఫీసు జీపు వచ్చింది. దాని వెనకే హెల్మెట్లు పెట్టుకున్న ఇరవై రెండు మంది, వాళ్ల స్కూటర్లు. ఇన్‌స్పెక్టరు పిచ్చరు నిలబడే చోట సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీయించి, చేతిలో జాబితా పట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ ఆట నడుస్తున్నది!" అని ఖాజా సార్ గొంతు చించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మునిసిపాలిటీ కాగితం చూపించాడు. "మైదానంల ఎవ్వరూ లేరని రాసుంది సార్. మీరెవరు?"

ఖాజా సార్ రూల్ పుస్తకం తిరగేశాడు. నలభై ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు.

పద్నాలుగో నంబరు కిరాణా కొట్టు విశ్వనాథం సేటు. యాభై రెండేళ్ల వయసులో కొత్త స్కూటరు కొన్నాడు. ఎనిమిదిలో పై సున్న సగం చుట్టాడు. అప్పుడే దుబ్బగూడెం అమ్మాయి ఒకతె నడుచుకుంటూనే కొట్టిన బంతి ఆయన చెవి పక్కనుంచి బుయ్యిమని పోయింది. సేటు "ఓరి దేవుడా!" అని హ్యాండిల్ తిప్పేశాడు. స్కూటరు ఫస్ట్ బేసు మీంచి దూకి, సెకండ్ బేసు దగ్గర పడుకున్న అమ్మాయిని చుట్టి, థర్డ్ బేసు మీదుగా హోమ్ ప్లేట్ వైపు దూసుకొచ్చింది.

"బ్రేకు! సేటూ, బ్రేకు!" అని జనం లేచి నిలబడ్డారు.

లెఫ్ట్ ఫీల్డులో బంతి ప్రసూన కాళ్ల దగ్గరికే దొర్లుతూ వచ్చింది. ఏం చేయాలో ఆలోచించే లోపే చేయి పని చేసేసింది. తీసి విసిరింది. హోమ్ ప్లేట్ దగ్గర స్వరూప అందుకుని, దారి తప్పిన వాహనాన్ని ఆపే అలవాటు కొద్దీ ఎడమచేయి అడ్డం పెట్టి, కుడిచేత్తో సేటు భుజాన్ని బంతితో అంటింది. స్కూటరు ఆగింది.

"ఔట్!" అన్నాడు ఖాజా సార్. అది ఆయన అన్నది కాదు, నలభై ఏళ్ల అలవాటు అన్నది.

అందరూ వైకుంఠం గారి వైపు చూశారు. ఆయన మెల్లగా లేచి వచ్చి, ఇన్‌స్పెక్టరు చేతిలోని జాబితా తీసుకుని, తిరగేసి, వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు.

"మూడు ప్రతులు. గుండ్రటి ముద్ర. మూడు రోజుల ముందటి తేదీ." ఆయన ఆ ముద్రను వేలితో మురిపెంగా తడిమారు. "పద్నాలుగవ పేరు, విశ్వనాథము. సక్రమముగా నమోదైన వ్యక్తి. ఔటు చెల్లును!"

ఉదయం పదకొండు గంటల తర్వాత ఆ మైదానంలో ఔటయిన మనిషి విశ్వనాథం సేటు ఒక్కడే. జనం చప్పట్లు కొట్టారు. సేటు హెల్మెట్ తీసి, ఇంతకీ లైసెన్సు వచ్చిందా రాలేదా అని అందర్నీ అడిగాడు. బోర్డు మీద ఆయన పేరు నీలం సుద్దతో అందంగా రాశారు.

ప్రసూన ఆ పేరునే చూస్తూ నిలబడింది. పొద్దుటి నుంచి ఆమె డజను క్యాచులు పట్టింది. ఒక్కటీ పట్టలేదు. బంతిని ట్యాంకరు కిందికి కొట్టింది. కొట్టలేదు. పాపం, ఆటంటే ఏమిటో తెలియని సేటు మాత్రం ఆడాడు, ఔటయ్యాడు కూడా. ఎంత అదృష్టవంతుడు!

ఆమె గ్లౌజు తీసి చంకలో పెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, నన్ను గూడ ఔట్ జేయున్రి."

వైకుంఠం గారు నివ్వెరపోయారు. "ఏమమ్మా?"

"పరుగు తీసేయున్రి, నాకొద్దు. మూడు స్ట్రైకులియ్యున్రి. సెకండ్ బేసు కాడ అంటిన్రు, గది ఇయ్యున్రి. ఏదో ఒకటి. సోమవారం మేము పులిగుట్టకు పోతున్నం సార్. ఆడ పంపులుంటయ్ గని ఆడనీకి ఎవ్వరుండరు. పోయేలోపు ఒక్క ఆట సక్కగ ఆడాలనుకున్న. ఔటయితమేమోనని భయమేస్తెనే గద సార్ ఆట! భయం లేకుండ ఉరికితే ఏమున్నది?"

వైకుంఠం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో నిలబడిన ఆ పిల్ల ముఖం చూసి ఆయనకు నిజంగానే జాలేసింది.

"నీ బాధ నాకర్థమైనదమ్మా. కాని లేని మనిషి బాధను నేనెక్కడ నమోదు చేతును?" ఇంకేదైనా చేయగలనా అని ఆలోచించి, ఫ్లాస్కు ముందుకు జరిపారు. "కొంచెము టీ త్రాగుము. టీకి జాబితా పెట్టలేదు."

ఆమె తాగింది. అల్లం టీ. బాగుంది. బాగుందని ఆయనతో చెప్పింది కూడా. ఆయన సంతోషించారు.

*

సాయంత్రం నాలుగున్నరకు వైకుంఠం గారు మైకు తీసుకున్నారు. లైసెన్సు పరీక్షల వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. పద్దెనిమిది మంది అమ్మాయిలు షామియానా నీడలో కలగాపులగంగా కూలబడ్డారు. ఎవరు ఏ జట్టో దుమ్ము వల్ల తెలియడం లేదు. నరహరి మజ్జిగ ఇద్దరికో గ్లాసు చొప్పున పంచుతున్నాడు.

"క్రీడాభిమానులకు మనవి," అని ఆయన మొదలుపెట్టారు. "నేటి పోటీ, క్రీడాకారిణుల గైర్హాజరు కారణమున, నిర్వహింపబడలేదు. సంఘము ఈ విషయమును లోతుగా పరిశీలించినది. మన ఆటలో చిక్కులన్నియు మైదానమునకు మనుషులు వచ్చుటవలననే ఏర్పడుచున్నవి. జాబితాలవలన ఒక్క చిక్కును లేదు. మంగళవారము అందిన మూల జాబితాలు రెండును కార్యాలయమున పదిలముగా ఉన్నవి. కావున రేపు, శనివారము, ఉదయము పదకొండు గంటలకు సంఘ కార్యాలయ సమావేశ మందిరమున ఆ రెండు జాబితాల నడుమ ఫైనల్ జరుగును. జాబితాలను బల్లపై ఎదురెదురుగా ఉంచి ముఖ్య అతిథి టాసు వేయుదురు. టాసు గెలిచిన జాబితాకు కప్పు బహూకరింపబడును. క్రీడాకారిణులు రానవసరము లేదు. చూడగోరు వారు తమ పేర్లను జాబితాలో..." అక్కడ ఆయన వాచీ చూసుకుని విచారంగా తల ఊపారు. "గడువు ముగిసినది."

ఆయన ఫైలు కట్టుకుని, అందరికీ నమస్కారం చేసి, స్కూటరెక్కి వెళ్లిపోయారు.

పొడుగు అమ్మాయి ఇంకా అలవాటుగా ఆకాశం వైపే చూస్తోంది.

"మేడం," అన్నాడు ఖాజా సార్ బాలమణితో. "రేపు మైదానం ఎవరికిచ్చిన్రో ఎరుకనా?"

"ఎవరికి?"

"ఎవ్వరికీ ఇయ్యలే. ఆట ఆఫీసుల ఉన్నది. లైసెన్సు పరీక్షలు అయిపోయినయ్. రేపు పొద్దంత మైదానం ఖాళీ అని వైకుంఠం సారే రాసి పెట్టిపోయిండు." ఆయన రూల్ పుస్తకం దుమ్ము దులిపి చంకలో పెట్టుకున్నాడు. "ఆరున్నరకు వస్తరా? నేను అంపైరు. స్కోరు సుద్దతోటి గోడ మీద రాస్త."

బాలమణి తన పిల్లలను చూసింది. నలభై ఒక్క పరుగులు కొట్టి గెలిచిన పిల్లలు చచ్చిపోయినట్టు పడి ఉన్నారు. "వస్తం," అంది. "గని ఒక్క మాట. గా నలభై ఒకటి రేపు లెక్కల పట్టొద్దు. సున్న నుంచి మొదలువెట్టాలె."

"ఔట్ ఉంటదా మేడం?" అంది సెకండ్ బేసు మీద పడుకున్న అమ్మాయి.

"ఉంటది! బరాబర్ ఉంటది!" అన్నాడు ఖాజా సార్.

అమ్మాయిలు ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. స్వరూప ప్రసూన వైపు తిరిగింది. "నువ్వొస్తవు గద? మూటాముల్లె సర్దుకునేది ఉన్నదేమో?"

"ఆదివారం సర్దుకుంట అక్కా." ప్రసూన అప్పటికే నరహరి చేయి పట్టుకుని ఊపేస్తోంది. "ఇనున్రి, రేపు ఐదింటికి లేపున్రి నన్ను. ఉప్మా మీరే చేయాలె."

"చేస్త," అన్నాడు నరహరి. సీసాకు మూత పెడుతూ, "నీళ్లెన్ని పొయ్యాలె?" అన్నాడు.

భారతమ్మ గొడుగు మడిచింది. "ఐదింటికెందుకు, నాలుగున్నరకే నేను లేపుత. గని బిడ్డా, రేపు నిజంగ వాళ్లు నిన్ను అంటితే?"

ప్రసూన ముఖం వెలిగిపోయింది.

"అంటనియ్యత్తమ్మా! మొట్టమొదలు నేనే దిగుత. సక్కగ భయపడి ఉరుకుత!"